సీఓ లేజర్‌లో వాయువును ధ్వని వేగం దాటించడం దేనికి?

మీ ప్రశ్నలో నిజానికి మూడు ప్రశ్నలున్నాయి. కార్బన్ మోనాక్సైడ్ (సీఓ) లేజర్‌ను ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిస్తే బాగా పనిచేస్తుందని పుస్తకాల్లో ఉండగా, నాజిల్ (గొంతు దగ్గర సన్నబడి మళ్ళీ వెడల్పయ్యే దారి) పెట్టి సూపర్‌సోనిక్, అంటే ధ్వని వేగాన్ని మించిన, ప్రవాహం తెచ్చుకోవడం దేనికన్నది మొదటిది. వాయువు గుండా కరెంటు పారించే విద్యుత్ డిశ్చార్జ్‌ను నాజిల్‌కు ముందు పెట్టాలా, తర్వాత పెట్టాలా అన్నది రెండోది. సామర్థ్యం అంత ఎక్కువైతే ఈ లేజర్ బయట ఎందుకు కనిపించదన్నది మూడోది. ఇలాంటి సెటప్ మీద కొన్నేళ్లు చేతులు కాల్చుకున్నవాణ్ని కాబట్టి మూడింటికీ జవాబు చెప్తాను. సమానంగా చెప్పలేను, ఎందుకంటే అసలు కష్టమంతా రెండోదాంట్లోనే ఉంది.

ముందు మాట ఒకటి. ఈ లేజర్‌లో వేగం వల్ల నేరుగా ఒరిగేది తక్కువ. మనకు కావాల్సింది చలి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఒకే అణువులో రెండు ఉష్ణోగ్రతలు కావాలి: లోపల కంపనం 2500 కెల్విన్ దగ్గర మరుగుతుండాలి, అణువు మొత్తంగా అటూ ఇటూ తిరిగే కదలిక మాత్రం 100 కెల్విన్ దగ్గర గడ్డకట్టుకుపోయి ఉండాలి. డిశ్చార్జ్ మొదటి పని చేస్తుంది, నాజిల్ రెండో పని చేస్తుంది. ఆ రెండూ కలిసిపోకుండా కాపలా కాయడమే మన ఉద్యోగం.

చలి ఎందుకు కావాలో ఒక లెక్కతో చూద్దాం. సీఓ అణువు కంపన స్థాయిలను మెట్లు అనుకోండి. మొదటి మెట్టు ఎత్తు, ఉష్ణోగ్రత లెక్కల్లో చెబితే, దాదాపు 3083 కెల్విన్. పైకి పోయేకొద్దీ ఒక్కో మెట్టు ఎత్తు 38 కెల్విన్ చొప్పున తగ్గుతుంది. ఇప్పుడు అడుగున మొదటి మెట్టు మీదున్న అణువు, అయిదో మెట్టు మీదున్న ఇంకో అణువు ఢీకొన్నాయి. కిందిది ఒక మెట్టు దిగి 3083 ఇచ్చేసింది. పైది ఆరో మెట్టు ఎక్కడానికి సుమారు 2892 చాలు. మిగిలిన 191 కెల్విన్ మామూలు వేడిగా పోతుంది. ఇదే తిరుగుదారిలో జరగాలంటే, అంటే పైది దిగి కిందిదాన్ని ఎక్కించాలంటే, ఆ 191 కెల్విన్‌ను చుట్టూ ఉన్న వేడి నుంచి అప్పు తేవాలి. గది ఉష్ణోగ్రతలో అప్పు సులువుగానే పుడుతుంది: తిరుగుదారి ముందుదారిలో 53 శాతం వేగంతో నడుస్తుంది. 100 కెల్విన్ దగ్గర 15 శాతానికి పడిపోతుంది. చలిలో దారి ఒకవైపే తెరుచుకుంటుందన్న మాట. డబ్బు డబ్బును తెస్తుందన్నట్టు, ఇప్పటికే పైనున్న అణువులు ఇంకా పైకి పోతాయి, కిందివి ఖాళీ అవుతాయి. 1968లో ట్రీనర్, రిచ్, రేమ్ లెక్కగట్టి చూపించింది ఇదే. అందుకే ఏ మెట్టు మీద ఎన్ని అణువులన్న ఈ పంపకానికి ట్రీనర్ పంపకమనే పేరు వచ్చింది.

ఆ లెక్క ప్రకారం కంపన ఉష్ణోగ్రత 2500 దగ్గరుంటే, కదలిక ఉష్ణోగ్రత 300 ఉన్నప్పుడు పంపకం పదో మెట్టు చుట్టుపక్కల గాని కిందకు జారడం ఆపదు. 100 కెల్విన్‌కు తగ్గిస్తే నాలుగో మెట్టు దగ్గరే ఆగి చదునైపోతుంది. పదో మెట్టుకు చేరేసరికి అక్కడ అణువులే మిగలవు. నాలుగో మెట్టు దగ్గరైతే బోలెడు ఉంటాయి. తేడా ఇక్కడే పడుతుంది.

దీనికి ఇంకో లాభం తోడవుతుంది. సీఓ లేజర్‌కు పూర్తి పాపులేషన్ ఇన్వర్షన్ (కింది స్థాయిలో కంటే పై స్థాయిలో ఎక్కువ అణువులుండటం) అక్కర్లేదు, పాక్షికంగా ఉన్నా చాలు. కంపనంతో పాటు అణువు తిరుగుతుంది కూడా కదా, ఆ భ్రమణ స్థాయిల పంపకం చలిలో అడుగుకు నొక్కుకుపోతుంది. దాంతో పై కంపన స్థాయిలోని ఒక తక్కువ భ్రమణ స్థాయిలో, కింది కంపన స్థాయిలోని కాస్త ఎక్కువ భ్రమణ స్థాయి కంటే అణువులు ఎక్కువగా ఉండొచ్చు. పదో భ్రమణ స్థాయి మీద ముగిసే గీత, అంటే ఒకే తరంగదైర్ఘ్యపు కాంతి, తీసుకోండి. 300 కెల్విన్ దగ్గర గెయిన్ (వాయువు గుండా పోయే కాంతి బలపడటం) రావాలంటే పై కంపన స్థాయిలో కిందిదానిలో ఉన్నవాటికి 83 శాతం అణువులుండాలి. 100 కెల్విన్ దగ్గర 57 శాతం చాలు. చలి ఒక్కటే రెండు చోట్ల పనిచేసిందని గమనించండి.

పైనుంచి కిందికి ఒక్కో మెట్టు దిగుతూ అదే అణువు మళ్ళీ మళ్ళీ కాంతిని ఇవ్వగలదు. కార్బన్ డయాక్సైడ్ లేజర్‌లో అణువుకు ఇచ్చిన శక్తిలో మహా అయితే 41 శాతమే కాంతిగా వస్తుంది, మిగతాది వేడి. సీఓలో సిద్ధాంతపరంగా ఆ అడ్డు దాదాపు లేదు. ఎలక్ట్రాన్ పుంజం సాయంతో నడిపి, వాయువును ద్రవ నైట్రోజన్ చలికి దించిన ప్రయోగాల్లో 60 శాతం పైన సామర్థ్యం చూసినవాళ్ళున్నారు. వాయు లేజర్లలో అది ఆషామాషీ సంఖ్య కాదు.

ఇక మొదటి ప్రశ్న. ద్రవ నైట్రోజన్ తొడుగు వేసిన గాజు గొట్టం బాగానే పనిచేస్తుంది, ప్రయోగశాలలో చిన్న పవర్‌కు నేనైనా అదే చేస్తాను. చిక్కు ఏమిటంటే వేడి గొట్టం మధ్యలో పుడుతుంది, చలి గోడ దగ్గరుంది. వేడి నెమ్మదిగా పాకుతూ గోడను చేరాలి. గొట్టం వ్యాసం రెట్టింపు చేస్తే ఆ ప్రయాణానికి నాలుగు రెట్ల సమయం పడుతుంది. పీడనం పెంచితే ఇంకా ఆలస్యం. కాబట్టి గొట్టాన్ని లావు చేసి పవర్ పెంచుకునే దారి మూసుకుపోతుంది, పొడవు పెంచుకుంటూ పోవాల్సిందే.

నాజిల్‌లో అయితే వేడి ఎక్కడికీ పాకనక్కర్లేదు. నిల్వలో ఉన్న వాయువు వేడి అంటే అణువుల అస్తవ్యస్తపు కదలిక. నాజిల్ ఆ కదలికనంతా ఒకే దిక్కుకు మళ్ళించి పరుగుగా మార్చేస్తుంది. గోడ దగ్గర, మధ్యలో అన్న భేదం లేకుండా వాయువంతా ఒక్కసారే చల్లబడుతుంది. నైట్రోజన్ లాంటి వాయువు 300 కెల్విన్ దగ్గర బయల్దేరి మాక్ 3 (అక్కడి ధ్వని వేగానికి మూడు రెట్లు) చేరితే 107 కెల్విన్‌కు వస్తుంది. హీలియం, ఆర్గాన్ లాంటి ఏకపరమాణు వాయువు ఎక్కువగా కలిపితే అదే మాక్ 3 దగ్గర 80 కెల్విన్ దాకా దిగుతుంది. ద్రవ నైట్రోజన్ ఒక్క చుక్క వాడకుండానే.

హీలియమా, ఆర్గానా అని చాలామంది అడుగుతారు. చలి రెంటికీ ఒకటే, వేగం వేరు. పదింట తొమ్మిది వంతులు హీలియం, ఒక వంతు సీఓ అయితే మాక్ 3 దగ్గర వేగం సెకనుకు 1200 మీటర్లు దాటుతుంది. హీలియం బదులు ఆర్గాన్ వేస్తే 500 మీటర్లు. అంటే 10 సెంటీమీటర్ల దూరం దాటడానికి హీలియంలో 80 మైక్రోసెకన్లు, ఆర్గాన్‌లో 200. పైన చెప్పిన మెట్లెక్కే పనికి సమయం కావాలి, డిశ్చార్జ్ దాటిన వెంటనే గెయిన్ గరిష్ఠం కాదు. కాబట్టి ఆర్గాన్‌తో అద్దాలను దగ్గర్లోనే పెట్టుకోవచ్చు. కానీ హీలియంలో గ్లో డిశ్చార్జ్ (వాయువంతా మెత్తగా వెలిగే రకం) కుదురుగా పరుచుకుంటుంది. నా ఓటు హీలియానికే. సిలిండర్ల ఖర్చు చూసి మనసు మార్చుకుంటే తప్పు పట్టను.

సంగతంతా ఇంత సాఫీగా ఉంటే నేనీ జవాబు రాయాల్సిన పనే ఉండేది కాదు. రెండో ప్రశ్నకు వద్దాం.

డిశ్చార్జ్ పని ఎలక్ట్రాన్లతో కంపనాన్ని లేపడం. సీఓకు, నైట్రోజన్‌కు కూడా 2 ఎలక్ట్రాన్ వోల్టుల చుట్టుపక్కల శక్తి ఉన్న ఎలక్ట్రాన్లంటే మహా ఇష్టం, వాటిని కాసేపు పట్టుకుని వదిలేటప్పుడు కంపనంలో పడతాయి. విద్యుత్ క్షేత్రానికి, వాయువు సాంద్రతకు ఉన్న నిష్పత్తి సరిగ్గా పెడితే ఎలక్ట్రాన్ల శక్తిలో 90 శాతం పైన కంపనంలోకే పోతుంది. ఆ నిష్పత్తి 10 నుంచి 20 టౌన్‌సెండ్‌ల (దాన్ని కొలిచే యూనిట్) మధ్య ఉంటే మంచిది. చిక్కల్లా, డిశ్చార్జ్ తనంతట తానే నిలబడాలంటే అంతకంటే ఎక్కువ నిష్పత్తి కావాలి. అందుకే పెద్ద యంత్రాల్లో బయటి నుంచి ఎలక్ట్రాన్ పుంజం పంపి అయాన్లను అది తయారు చేసేలా, మన క్షేత్రం శక్తిని ఇచ్చే పని మాత్రమే చూసుకునేలా ఏర్పాటు చేశారు. ఆ పుంజం దూరే పల్చటి లోహపు రేకు చిరిగిందంటే ఆ రోజుకు పని బంద్. రేడియో ఫ్రీక్వెన్సీతో నడిపితే ఆ బాధ ఉండదు, ఎలక్ట్రోడ్లు కూడా ప్రవాహంలోకి తల పెట్టనక్కర్లేదు.

ముందు పెడితే, అంటే నాజిల్ గొంతుకు ఎగువన నెమ్మదిగా పారే వాయువులో డిశ్చార్జ్ నడిపితే, సూపర్‌సోనిక్ ప్రవాహాన్ని ఎవరూ చెడగొట్టరు. కంపన శక్తి సీఓలో, నైట్రోజన్‌లో చాలా సేపు నిలవ ఉంటుంది, నాజిల్ దాటే కొద్ది మైక్రోసెకన్లలో అది ఎక్కడికీ పోదు. కదలిక వేడి మాత్రం వ్యాకోచంలో పోతుంది. కాగితం మీద ఇంతకంటే అందమైన ఏర్పాటు లేదు. కానీ నాజిల్‌కు ముందు పీడనం ఎక్కువ. మాక్ 3 కోసం అది తర్వాతి పీడనానికి 30 రెట్ల పైన ఉండాలి. తర్వాత 20 టార్ (పీడనపు యూనిట్) కావాలంటే ముందు దాదాపు ఒక అట్మాస్ఫియర్. ఆ పీడనంలో గ్లోను పెద్ద పరిమాణంలో నిలబెట్టడం కత్తి మీద సామే, కన్ను మూసి తెరిచేలోగా కరెంటంతా ఒకే సన్నటి దారిలో చేరి ఆర్క్ అవుతుంది. పైగా అక్కడ డిశ్చార్జ్ చేసే వేడి ప్లీనం (నాజిల్‌కు ముందున్న గది) ఉష్ణోగ్రతను పెంచుతుంది, 300 బదులు 400తో బయల్దేరితే కింద 107 బదులు 143 దగ్గర ఆగుతారు.

తర్వాత పెడితే పీడనం తక్కువ, గ్లో సులువు, శక్తి నేరుగా చల్లటి వాయువులోకే పోతుంది. మొదటిసారి చేసేవాళ్ళకు నేను ఇదే చెప్తాను. కానీ ఇక్కడొక దొంగ ఉన్నాడు, పుస్తకాల్లో రెండు వాక్యాల్లో దాటేస్తారు: బౌండరీ లేయర్.

మధ్యలో వాయువు మాక్ 3తో 107 కెల్విన్ దగ్గరుంటుంది. గోడను ఆనుకున్న పొర మాత్రం రాపిడికి ఆగిపోయి, తన పరుగునంతా తిరిగి వేడిగా మార్చుకుని, 280 కెల్విన్ దగ్గరికి వచ్చేస్తుంది. పీడనం అంతటా ఒకటే కాబట్టి గోడ దగ్గర సాంద్రత మధ్యలో ఉన్నదానికి రెండున్నర రెట్లకు పైగా తక్కువ. క్షేత్రం అదే, సాంద్రత తక్కువ, కాబట్టి నిష్పత్తి అక్కడే ఎక్కువ. కరెంటుకు ఇంకేం కావాలి? చల్లటి మధ్యభాగాన్ని వదిలేసి గోడ వెంట పాకుతుంది. పాకినచోట ఇంకా వేడెక్కుతుంది, ఇంకా పల్చబడుతుంది, ఇంకా కరెంటు లాగుతుంది.

మొదటిసారి నేను దీన్ని చూసినప్పుడు అర్థం కాలేదు. మీటర్లన్నీ సంతోషంగా ఉన్నాయి, వోల్టేజీ నిలకడగా ఉంది, కరెంటు కావాల్సినంత ఉంది, లేజర్ మాత్రం పలకదు. రెండు రోజులు అద్దాల అలైన్‌మెంట్‌నే తిట్టుకున్నాను. మూడో రోజు లైట్లన్నీ ఆర్పేసి పక్క కిటికీలోంచి చూస్తే పైగోడ పొడవునా గులాబీ రంగు పట్టీ ఒకటి అంటుకుని ఉంది, మధ్యంతా చీకటి. మేము పెట్టిన పవరంతా ఆ అర సెంటీమీటర్ పొరను కాల్చడానికే పోతోంది. ఎలక్ట్రోడ్‌ను చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కోదానికి విడిగా, కరెంటును అదుపులో ఉంచే బ్యాలస్ట్ రెసిస్టర్ వేసి, ఎదురెదురు ఎలక్ట్రోడ్ల మధ్య కలిసే పక్కగోడలను ఇంకాస్త దూరం జరిపాక గాని పట్టీ విడిపోలేదు. అప్పటికీ ప్రవాహం మొదలైన క్షణంలో డిశ్చార్జ్ ఆన్ చేస్తే మళ్ళీ వచ్చేది. మొదట్లో పుట్టే షాక్ తరంగమంతా కిందికి కొట్టుకుపోయి ప్రవాహం కుదుటపడేదాకా ఆగాలి.

ఇంకో భయం గురించి కూడా చెప్పాలి. సూపర్‌సోనిక్ ప్రవాహానికి వేడి ఎక్కిస్తే మాక్ సంఖ్య తగ్గుతుంది, హద్దు దాటితే ప్రవాహం చోక్ అవుతుంది, అంటే మూసుకుపోయినట్టు అడ్డుపడుతుంది. మాక్ 3 దగ్గర మొత్తం ఉష్ణోగ్రతను (ప్రవాహాన్ని ఆపితే వచ్చే ఉష్ణోగ్రతను) 53 శాతం పెంచితే ఆ హద్దుకు చేరిపోతాం. అలాంటప్పుడు డిశ్చార్జ్‌లో అంత పవర్ ఎలా పెట్టగలుగుతున్నాం? కంపనంలో దాక్కున్న శక్తి ప్రవాహానికి కనిపించదు. అది వేడిగా మారేదాకా ప్రవాహానికి సంబంధించినంతవరకు లేనట్టే. ఈ ఒక్క వెసులుబాటు వల్లే యంత్రం నడుస్తోంది. అందుకే మలినాల విషయంలో అంత చాదస్తం. నీటి ఆవిరి, హైడ్రోజన్ లాంటివి చేరితే కంపన శక్తి గబగబా వేడిగా దిగిపోతుంది. లేజర్ పడుకోవడమే కాదు, ప్రవాహం కూడా చెదిరిపోతుంది. ఒకే తప్పుకు రెండు శిక్షలు.

నైట్రోజన్ కలపాలా అన్న సందేహం కూడా వస్తుంది. కలపండి. దాని మొదటి మెట్టు 3350 కెల్విన్ చిల్లర, సీఓ కంటే 270 ఎక్కువ. చలిలో శక్తి నైట్రోజన్ నుంచి సీఓ వైపే పారుతుంది, వెనక్కి రావడం కష్టం. డిశ్చార్జ్‌లో కొంత శక్తిని నైట్రోజన్‌లో నిలవ చేసి కింద సీఓకు అందించవచ్చు.

చరిత్ర రెండు ముక్కల్లో: సీఓతో లేజర్‌ను మొదట 1964లో బెల్ ల్యాబ్స్‌లో పటేల్, కెర్ల్ చూపించారు. డిశ్చార్జ్ లేకుండా, ముందు వాయువును బాగా వేడిచేసి నాజిల్‌లో వ్యాకోచింపజేసి 5 మైక్రాన్ల లేజర్ రప్పించింది 1970లో మెకెంజీ. డిశ్చార్జ్‌ను, సూపర్‌సోనిక్ ప్రవాహాన్ని జతచేసిన పని 1970ల మొదట్లో అమెరికాలోని బఫెలోలో రిచ్ బృందం చేసింది, పైన పంపకం లెక్కగట్టినవాళ్ళలోని రిచ్ ఈయనే. లెక్క వేసినవాడే యంత్రమూ కట్టడం ఈ రంగంలో నాకు నచ్చే విషయాల్లో ఒకటి.

మూడో ప్రశ్న. 60 శాతం సామర్థ్యం అన్నది డిశ్చార్జ్‌కు ఇచ్చిన కరెంటుతో పోల్చి చెప్పింది. వాయువును లాగే పంపుల కరెంటు అందులో లేదు. మాక్ 3 ప్రవాహాన్ని దానికి అడ్డంగా నిలిచే నిటారు షాక్ తరంగంతో ఆపితే మొత్తం పీడనంలో మూడింట రెండు వంతులు అక్కడికక్కడే పోతుంది. ప్రవాహాన్ని నెమ్మదింపజేసి పీడనం తిరిగి తెచ్చే మంచి డిఫ్యూజర్ పెట్టి కొంత రాబట్టినా, మిగతాది పంపులే భరించాలి. వాటిని కూడా లెక్కలో వేసుకుంటే సంఖ్య మొహం మారిపోతుంది. రెండో కారణం గాలి. ఈ లేజర్ 5 నుంచి 6 మైక్రాన్ల చుట్టూ ఒకటి కాదు, డజన్ల కొద్దీ గీతల మీద పలుకుతుంది. వాటిలో చాలావాటిని గాలిలోని తేమ మింగేస్తుంది. దూరం పంపాలంటే ఇబ్బంది, టేబుల్ మీద కూడా కాంతిదారిని పొడి నైట్రోజన్‌తో నింపుకోవాలి. మామూలు సిలికా గాజు కిటికీలు ఈ తరంగదైర్ఘ్యానికి గోడతో సమానం, కాల్షియం ఫ్లోరైడో జింక్ సెలెనైడో కావాలి. ఇంతలో 1 మైక్రాన్ దగ్గర ఫైబర్ లేజర్లు వచ్చి పెద్ద పవర్ మార్కెట్‌ను పట్టుకుపోయాయి.

అయితే సీఓ లేజర్ పూర్తిగా చచ్చిపోలేదు. 2015లో కోహెరెంట్ కంపెనీ నాజిల్, ద్రవ నైట్రోజన్ రెండూ లేకుండా, మూసేసిన గొట్టంలో రేడియో ఫ్రీక్వెన్సీతో నడిచే పారిశ్రామిక సీఓ లేజర్‌ను మార్కెట్లోకి తెచ్చింది. చలి లేక సామర్థ్యం తగ్గినా, తరంగదైర్ఘ్యం కార్బన్ డయాక్సైడ్‌లో సగం కాబట్టి కాంతిని కేంద్రీకరించిన చుక్క సగానికి చిన్నదవుతుంది. గాజు కోయడానికి, సన్నటి రంధ్రాలు వేయడానికి అది పనికొస్తోంది. సూపర్‌సోనిక్ రకం మాత్రం పరిశోధనశాలల సరుకే.

ఇవన్నీ చదివాక కూడా కడతానంటే, విషం సంగతి ముందు చూసుకోండి. సీఓకు వాసన లేదు, రంగు లేదు, రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. 1200 పీపీఎం ఉన్నచోటు ప్రాణాపాయమని అమెరికా లెక్క. పంపు నుంచి వచ్చేది నేరుగా బయటికి పోవాలి, గదిలో రెండు డిటెక్టర్లుండాలి. ఒకటి చాలదు, పాడైందని తెలియడానికి రెండోది కావాలి. ఇంకో చిన్న విషయం చాలామందికి తెలియదు: ఉక్కు సిలిండర్‌లో నిలవున్న సీఓ ఇనుముతో కలిసి ఐరన్ పెంటాకార్బొనిల్ తయారుచేస్తుంది. అది డిశ్చార్జ్‌లో విడిపోయి కిటికీల మీద గోధుమరంగు పొరలా పేరుకుంటుంది. మా కిటికీ ఒకటి అలాగే పగిలింది, పొర లేజర్‌ను మింగి వేడెక్కి. అల్యూమినియం సిలిండర్ తీసుకోండి, లేదా దారిలో యాక్టివేటెడ్ కార్బన్ ఫిల్టర్ పెట్టండి.

పని వరుస ఇలా పెట్టుకోండి. మొదట డిశ్చార్జ్ లేకుండా ఉత్త నైట్రోజన్‌తో ప్రవాహం నడిపి, పిటాట్ గొట్టంతో (ప్రవాహానికి ఎదురుగా పెట్టి పీడనం కొలిచే సన్నటి గొట్టం) మాక్ సంఖ్య కొలవండి. ఆ తర్వాత నైట్రోజన్, హీలియంతో డిశ్చార్జ్ పెట్టి, లైట్లార్పి గోడలు చూడండి. సీఓను అన్నిటికన్నా చివర కలపండి. అది కలిపాక, అన్నీ కుదిరితే, డిశ్చార్జ్‌కు కాస్త దిగువన లేత నీలిరంగు వెలుగు మొదలవుతుంది. అణువులు బాగా పై మెట్లకు ఎక్కి, ఒకదానితో ఒకటి రసాయనికంగా కలబడి, పుట్టిన కార్బన్ జంటల కాంతి అది. వెలుగు ప్రవాహం మధ్యలో ఉంటే అద్దాలు బిగించండి. గోడకు అంటుకుని ఉంటే ఎలక్ట్రోడ్లు విప్పండి.